మెట్లెక్కిన కాళ్లు ఇసుకలో: తిరుపతి నుంచి తూపిలిపాలెం తీరానికి గుంపుగా ఒక పూట నడక

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. తిరుపతిలో ఉంటూ వీటిలో ఒక్కటైనా ఎక్కనివాళ్లు తక్కువ. అందుకే సముద్రపు ఒడ్డున ఎనిమిది కిలోమీటర్లు నడుద్దామంటే మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఎగుడూ లేదు దిగుడూ లేదు, ఇదెంత అంటారు. మెట్ల దారిలో నెత్తిన కప్పు ఉంటుంది, కుళాయి ఉంటుంది, కాళ్లు పీకితే కూలబడడానికి చోటు ఉంటుంది. ఒడ్డున ఈ మూడూ ఉండవు. పైగా గట్టి నేల మీద నడిచే వేగంతోనే పొడి ఇసుకలో నడవాలంటే ఒంటికి రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ ఇసుక వెనక్కి జారుతుంది, కాలు పెట్టిన బలంలో చాలా భాగం ఆ ఇసుకను తొయ్యడానికే పోతుంది.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరం వారాంతాల్లో జనం వెళ్లే చోటే. అయితే వచ్చినవాళ్లు బండి దిగిన చోటునే ఉండిపోతారు. అర కిలోమీటరు దాటితే ఇసుక, ఎర్ర పీతలు, సరుగుడు తోటలు తప్ప ఏమీ ఉండవు. నడకకు పనికొచ్చేది ఆ అర కిలోమీటరు దాటిన తర్వాతి తీరమే. కింద చెప్పేదంతా పన్నెండు నుంచి పదహారు మంది గుంపుకు, నాలుగు కిలోమీటర్లు వెళ్లి నాలుగు కిలోమీటర్లు వెనక్కి వచ్చే నడకకు సరిపోయే లెక్క.

రోజు ఎంచుకోవడం

నెల ముందు చూసుకోవాలి, ఆ తర్వాత తిథి, చివరగా వారం. మనవాళ్లు తిరగేసి ఆదివారం పట్టుకుని మిగతావి వదిలేస్తారు.

నెలల్లో డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. ఈశాన్య రుతుపవనం ఈ తీరాన్ని గట్టిగా కొట్టేది అప్పుడే. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే ఇసుక కాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గుంపు నడక పెట్టుకోకండి.

ఇక తిథి. పోటు (సముద్రం ఒడ్డు మీదికి ఎక్కడం), పాటు (వెనక్కి తగ్గడం) రోజుకు రెండేసి సార్లు వస్తాయి. పోటుకూ దాని తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకూ ఈ వేళలు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. మన తీరంలో పున్నమికీ అమావాస్యకీ పోటు పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో వస్తుంది. అంటే సరిగ్గా మనం నడిచే వేళకు తడి ఇసుక మునిగిపోతుంది, గుంపంతా పైనున్న పొడి ఇసుకలోకి ఎక్కాలి. అక్కడినుంచి వారం జరిగితే, అంటే అష్టమికి అటూ ఇటూ, అదే వేళకు పాటు ఉంటుంది. పోటుకూ పాటుకూ నీటి మట్టంలో తేడా ఇక్కడ మహా అయితే ఒక మీటరు. ఒడ్డు వాలు తక్కువ కాబట్టి ఆ కాస్త తేడాయే పది అడుగులు మించిన వెడల్పున గట్టి తడి ఇసుకను బయటపెడుతుంది. ఆ పట్టీయే మీ దారి. పున్నమి చూస్తూ నడవాలని ముచ్చట పడేవాళ్లు ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, నడవడానికి కాదు.

అష్టమి లెక్క అంచనాకే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తీరానికి పోటు పాట్ల వేళలు, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. ముందు రోజు సాయంత్రం అవి చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా దూరపు సముద్రంలో పుట్టిన ఉబ్బు అలలు ఒడ్డుకు రావచ్చు. హెచ్చరిక ఉంటే నడక వాయిదా వెయ్యాల్సిందే. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందేమో కూడా చూసుకోండి. ఆ రోజుల్లో సముద్రం మీదా ఒడ్డు మీదా కాపలా పెరుగుతుంది, తెల్లవారుజామున రెండు బండ్ల జనం దిగితే ఆరా తీయడం సహజం. మామూలు రోజుల్లోనైనా శ్రీహరికోట దీవి హద్దు దరిదాపులకు పోకూడదు.

బయలుదేరడం

తిరుపతి నుంచి రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట, అక్కడి నుంచి వాకాడు, ఆపైన తీరం. దూరం నూరు కిలోమీటర్ల పైనే. నాయుడుపేట దాటాక రోడ్డు సన్నబడుతుంది, చీకట్లో గేదెలు అడ్డం వస్తాయి, కాబట్టి మూడు గంటలు పెట్టుకోండి. జనవరిలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. తెల్లవారి మూడింటికి బయలుదేరితే ఆరింటికి చేరతారు, ఆరుంపావుకు నడక మొదలు.

డ్రైవరు ముందు రాత్రి నిద్రపోయి ఉండాలి. చాలా గుంపులు మరిచిపోయేది ఇదే. రాత్రంతా కొండకు సర్వీసు తోలి వచ్చిన మనిషిని మూడింటికి ఎక్కించుకోకండి. మీరు నడిచే నాలుగు గంటలూ అతను బండిలో పడుకునే ఏర్పాటు చేస్తే తిరుగు ప్రయాణం క్షేమం. బండిని గట్టి రోడ్డు మీదే ఆపించండి. ఇంకో యాభై అడుగులు ముందుకు పోదామని ఇసుకలోకి దింపితే చక్రం కూరుకుపోతుంది, ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంత లోతవుతుంది. అలా ఇరుక్కుంటే చక్రం తిప్పడం ఆపి, ముందున్న ఇసుక తీసి, టైర్లలో గాలి మూడో వంతు తగ్గించి, తాటాకులో గోనె సంచులో చక్రం కింద పరిచి మెల్లగా లాగాలి.

మరుగుదొడ్డి సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పెయ్యండి. ఒడ్డున చాటు లేదు. సరుగుడు తోటలు చాటుగా కనిపిస్తాయి కానీ అవి ఎవరో ఒకరి పొలాలు. నాయుడుపేటలో పెట్రోలు బంకు దగ్గర పదిహేను నిమిషాలు ఆపడం ప్రయాణంలో భాగంగా రాసుకోండి. లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, వడదెబ్బకు అదే దారి.

నీళ్లు, తిండి

తీరంలో తాగే నీళ్లు దొరకవని అనుకునే బయలుదేరాలి. మనిషికి మూడు లీటర్ల లెక్క. అందులో రెండు లీటర్లు ఎవరి భుజాన వాళ్లు మోయాలి, మిగతాది బండిలో ఉండే ఇరవై లీటర్ల క్యాన్లలో. పదహారు మందికి తాగడానికి ఒక క్యాను, కాళ్లు కడుక్కోవడానికి, గాయాలకు ఇంకొకటి. ఒకరి నీళ్లు ఇంకొకరు మోసే ఏర్పాటు పెట్టకండి. మోసేవాళ్లు ముందుకు పోతారు, దాహమైనవాళ్లు వెనక పడతారు.

గాలి చల్లగా తగులుతుంటే చెమట పట్టినట్టే తెలియదు, అక్కడికక్కడే ఆరిపోతుంది. అందుకని దాహాన్ని నమ్మకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుటకలు తాగించాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు ఉంచండి. పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. సీసాలో అర లీటరే ఉందని పొట్లమంతా అందులోనే గుమ్మరిస్తే ఉప్పు రెట్టింపై వాంతి అవుతుంది.

తిండిలో పులిహోరకు సాటి లేదు. చింతపండు, నూనె ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం తెచ్చేవాళ్లు అన్నంలో ఎక్కువ పాలు పోసి కొద్దిగా పెరుగు కలిపితే పదింటికి సరిగ్గా తోడుకుంటుంది, అంతా పెరుగే అయితే పుల్లబడుతుంది. కొబ్బరి చట్నీ వద్దు, కారప్పొడి చాలు. నడకలో నమలడానికి చెనిక్కాయల ఉండలు మనిషికి మూడు. చేపల ఊళ్లకు వెళ్తూ తిండి మోసుకుపోతే కుక్కలు వెంటపడతాయి కాబట్టి మూత గట్టిగా పట్టే డబ్బాల్లోనే పెట్టుకోండి, దారిలో విప్పకండి.

ఒంటి మీద ఏముండాలి

పొడుగు చేతుల నూలు చొక్కా, వదులు ప్యాంటు. టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి, లేకపోతే మొదటి గాలికే సముద్రంలో పడుతుంది, దాని కోసం ఎవరో ఒకరు నీళ్లలోకి పరిగెడతారు. గొడుగు దండగ. ఎండ నీళ్ల మీద, ఇసుక మీద పడి కింది నుంచి కూడా కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కిందా చెవుల వెనకా కూడా రాయాలి. పొద్దు సముద్రం మీదే పొడుస్తుంది కాబట్టి మొదటి గంటలో వెలుగు ఏటవాలుగా ఒకే కంట్లో కొడుతుంది, చలువ కళ్లద్దాలు ఉంటే తలనొప్పి రాదు.

చెప్పుల మీద పెద్ద తగువే ఉంది. మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కే అలవాటున్నవాళ్లు ఇక్కడా వట్టి కాళ్లే అంటారు. తడి ఇసుక మీద మొదటి గంట అది హాయిగానే ఉంటుంది. కానీ పగిలిన గవ్వలు, వలల నుంచి తెగిన గాలాలు, గాజు పెంకులు ఇసుకలో కలిసి ఉంటాయి. హవాయి చెప్పులు ప్రతి అడుక్కీ ఇసుకను పిక్కల మీదికి చిమ్ముతాయి, వేళ్ల మధ్య ఒరుస్తాయి. బూట్లలోకి చేరిన ఇసుక గంటలో బొబ్బలెక్కిస్తుంది. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్సే సరైనవి, అవీ పాతవి. కొత్త చెప్పులు ఆ రోజే తొడగకండి. తొడలు ఒరుసుకునేవాళ్లు బయలుదేరే ముందే కొబ్బరినూనె గానీ వాజలిన్ గానీ పట్టించాలి, ఉప్పు తడి తగిలాక రాస్తే మంట తప్ప లాభం లేదు.

సరుకుల్లో తప్పనివి ఇవి: ఈలలు మూడు, ఇరవై మీటర్ల తాడు, మూత గట్టిగా బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాను, గుడ్డ కట్లు, దూది, యాంటిసెప్టిక్, ముల్లు తీసే చిమ్టా, ఫ్లాస్కులో వేడినీళ్లు (బండిలో), చెత్తకు గోనె సంచులు రెండు, ఫోన్లకు ప్లాస్టిక్ కవర్లు.

నడిపించడం

కొండ దారిలో గుంపు దారి వెంట వరసగా పోతుంది. ఒడ్డున దారే లేదు కాబట్టి గుంపు అడ్డంగానూ పొడుగ్గానూ చెదిరిపోతుంది. గవ్వలేరేవాళ్లు ఒకవైపు, ఫొటోలు తీసేవాళ్లు నీళ్లవైపు, కోపగించి ముందుకు పోయేవాళ్లు ఇంకోవైపు. అందుకే ముగ్గురికి పని అప్పజెప్పాలి. ముందు నడిచే మనిషిని ఎవరూ దాటకూడదు. చివర నడిచే మనిషి వెనక ఎవరూ ఉండకూడదు. మూడో మనిషి నీళ్లవైపు అంచున నడుస్తాడు, పనల్లా ఎవరూ సముద్రంలోకి దిగకుండా చూడడం. ముగ్గురి దగ్గరా ఈలలు. అలల హోరులో యాభై అడుగుల దూరం కేక కూడా వినిపించదు. ఒక ఊదు అంటే ఆగు, మూడు ఊదులంటే అందరూ నా దగ్గరికి రండి. బండి దిగగానే ఒకసారి ఊది చూపించండి.

వేగం గంటకు మూడు కిలోమీటర్లు మించదు. ముందున్న మనిషి వెనక్కి తిరిగి చూస్తే చివరి మనిషి మొహం ఆనవాలు పట్టగలగాలి, రంగు చొక్కా మాత్రమే కనిపిస్తోందంటే ఆగాలి. ముప్పై నిమిషాలకోసారి ఆగి తలలు లెక్కపెట్టండి. అందరికంటే నెమ్మదిగా నడిచే పెద్దమ్మనో మావయ్యనో చివర వదిలేయకుండా ముందు మనిషి పక్కనే నడిపించండి. అప్పుడు వేగం దానంతటదే సరిపోతుంది, ఆమెకు తనవల్ల ఆలస్యమైందన్న చిన్నతనమూ ఉండదు.

ముందు ఏ వైపు వెళ్లాలో గాలి చెబుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, అప్పుడు ఉత్తరం వైపు వెళ్లి గాలిని వీపున వేసుకుని తిరిగి రండి. మార్చి నాటికి గాలి దక్షిణానికి మళ్లుతుంది, అప్పుడు దక్షిణం వైపు. అలసిన కాళ్లకు ఎదురుగాలి, కళ్లలో ఇసుక రెండూ కలిస్తే చివరి రెండు కిలోమీటర్లు నరకం.

ఒడ్డు సముద్రంవైపు వాలి ఉంటుంది. గంటసేపు ఒకే వైపు నడిస్తే నీళ్లవైపు కాలు పల్లంలో, రెండోది మెరకలో పడి ఒక మోకాలికే, ఒక తుంటికే నొప్పి మొదలవుతుంది. తిరుగు నడకలో వాలు మారి కొంత సర్దుకుంటుంది. వెళ్లేటప్పుడే నొప్పి అన్నవాళ్లను వాలు తక్కువున్న చోటికి, కాస్త పైకి నడిపించండి.

తిరిగి రావడం దూరాన్ని బట్టి కాదు, గడియారాన్ని బట్టి. ఎనిమిదింటికి ఎక్కడున్నా వెనక్కి మళ్లాలి. అక్కడేదో కనిపిస్తోంది, ఇంకొంచెం అని ఎవరో ఒకరు అంటారు. ఒడ్డున దూరాలు మోసం చేస్తాయి, కిలోమీటరు అనుకున్న పడవ మూడు కిలోమీటర్లు ఉంటుంది.

దారికి అడ్డంగా మొగ వస్తే, అంటే ఏరో కాలువో సముద్రంలో కలిసే చోటు, అదే మీ ఆఖరు. చంద్రగిరి కొండల్లో పుట్టి తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వచ్చే స్వర్ణముఖి కలిసేది ఈ తీరంలోనే. ఊళ్లో ఎండిన ఇసుకగా చూసిన యేరే కదా అని మొగలో దిగకండి. మోకాటి లోతు కనిపించే చోట అడుగు ఇసుక కదులుతూ ఉంటుంది, పాటు వేళ నీళ్లు సముద్రంలోకి లాక్కుపోతాయి. వెళ్లేటప్పుడు దాటినా వచ్చేటప్పుడు పోటు ఎక్కి దారి ఉండదు. వెనక ఉప్పు నేలల్లోకి, పులికాట్ సరస్సు వైపు ఉండే మైదానాల్లోకి అడ్డదారి పట్టడమూ అంతే. పైన ఎండి పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, అడుగేస్తే కింద బురద మోకాలిదాకా పడుతుంది.

సముద్రం

నడక గుంపుకు స్నానం లేదు. మోకాలు తడిసేదాకా కూడా వద్దు, పాదాలు చాలు. మెడలోతు దాకా దిగితేనే ప్రమాదం అనుకుంటారు కానీ ఈ తీరంలో ఒడ్డు కొన్ని చోట్ల నిట్టనిలువుగా లోతవుతుంది. నడుము లోతులో నిలబడ్డ మనిషిని వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది.

అలలు విరిగే తెల్లటి నురగ మధ్యలో ఒకచోట నురగ లేకుండా, నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అందరూ అక్కడే దిగుతారు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే కాలువ అదే. అందులో చిక్కినవాళ్లు ఒడ్డువైపు ఎదురీదితే అలసి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోవాలి, ఈత రాకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఎత్తాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకకూడదు. తాడు కట్టిన ఖాళీ క్యాను విసరండి, పక్కన పడవ దగ్గర ఉన్న జాలర్లను కేకెయ్యండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, తీర భద్రతకు 1093. ఊరు దాటాక సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి రెండు వేరువేరు కంపెనీల సిమ్‌లు గుంపులో ఉండేలా చూసుకోండి.

జెల్లీఫిష్ తగిలితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. మంచినీళ్లకు చర్మం మీద మిగిలిన విషపు పొక్కులు పగులుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులు చిమ్టాతో తీసి, బండి దగ్గర చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఇబ్బందైతే ఆగకుండా ఆసుపత్రికి.

ఇంకొకరి ఊరు

ఒడ్డు ఖాళీగా కనిపించినా అది పట్టపు పాలేలవాళ్ల, అంటే జాలరి పల్లెలవాళ్ల, పని చోటు. బండి దిగగానే ఊరి పెద్దలకు ఒక మాట చెప్పండి: ఎంతమంది, ఏ వైపు వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం. మెరైన్ పోలీసులకూ ఇదే మాట. అలివి వల (ఒడ్డున నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతుంటే బిగిసిన తాడుకూ సముద్రానికీ మధ్యన పోకండి, లాగేవాళ్ల వెనకనుంచి చుట్టూ తిరగండి. తాడు తెగితే కాళ్లు తెగుతాయి. ఆరేసిన వల మీదుగా చెప్పులతో దాటడం, పడవ మీద కూర్చుని ఫొటోలు దిగడం, ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకోవడం, ఈ మూడూ ఊరికి కోపం తెప్పించేవే.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. పొద్దున సముద్రం నుంచి ఇసుక గట్టు దాకా ట్రాక్టరు చక్రం జాడలాంటిది కనిపిస్తే దాని చివర గూడు ఉన్నట్టే. తొక్కకండి, తవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది, గుడ్డు ముట్టినా నేరమే. ఆ కాలంలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లూ కనిపిస్తాయి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ఇసుక గట్టు మీద అల్లుకున్న బాలబంది తీగను తొక్కి పైకి ఎక్కకండి, గట్టును పట్టి ఉంచేది అదే. దాని పక్కనే గుండ్రంగా సూదులు విరబూసినట్టు ఉండేవి రావణాసురుడి మీసాలు. వాటి మీద తువ్వాలు పరిచి కూర్చున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తిరిగి వచ్చాక

పదింటికల్లా బండి దగ్గర ఉండాలి. మొదట తలల లెక్క, తర్వాతే తిండి. కాళ్లు మంచినీళ్లతో కడిగి వేళ్ల మధ్య ఆరబెట్టాకే చెప్పులు తొడగండి. తల తిరుగుతోందన్నవాళ్లను, చెమట ఆగి ఒళ్లు వేడిగా ఉన్నవాళ్లను నీడలో పడుకోబెట్టి తడి గుడ్డతో తుడిచి విసరండి. మాట తడబడితే అది వడదెబ్బ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఓపిక మిగిలితే తిరుగు దారిలో దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు మళ్లవచ్చు. చెరువులోని చెట్ల మీద గూడబాతులు పిల్లలతో ఉండే కాలం అది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, ఆ రోజుకి ఈలలు సంచిలోనే ఉంచండి. పున్నమి ముచ్చట ఉన్నవాళ్లు అదేదో ఇక్కడ తీర్చుకుందామనుకుంటే కుదరదు, చీకటి పడకముందే బయటికి రావాలి.

చెత్త సంచులు తీరంలో వదలకుండా తిరుపతి దాకా తెచ్చుకోండి. పాలేలలో చెత్త బండి రోజూ తిరగదు.